ఎలుగుధార దారిలో దప్పిక

నమోదు 1
చెక్‌పోస్టు దగ్గర, ఉదయం

కొండెక్కే ప్రతి గుంపులోనూ ఒకరు ఈ పలకలో రాస్తూ ఉండాలట. సిగ్నల్ దొరికిన చోటల్లా రాసింది కింద చెక్‌పోస్టుకు చేరుతుంది, ఎవరైనా తప్పిపోతే వెతకడానికి పనికొస్తుంది అని గార్డు ఖాసిం చెప్పాడు. మిగతా ఇద్దరూ చేతులు వెనక్కి పెట్టుకోవడంతో పలక నా చేతికొచ్చింది.

నా పేరు శాంభవి. కొత్తపెన్న నగరంలో పడమటి పేట మాది. ఎండను పట్టే అద్దాలు తుడిచే షెడ్డులో పని చేస్తాను. నాతో నా భర్త తిప్పేస్వామి, ఆయన చిన్నమ్మ బసమ్మ వస్తున్నారు. ఆమెను నేను చిన్నత్తా అంటాను.

ఈ ప్రయాణం చిన్నత్త పోరు పడలేక పెట్టుకున్నదే. ఎలుగుకొండ మీద ఏడాదికోసారి వాన పడుతుంది. పడ్డాక కొద్దిరోజులు ధార దూకుతుంది, మళ్లీ బండ ఎండిపోతుంది. మా ఊళ్లో వాన పడటం నేను పుట్టాక చూడలేదు. చిన్నత్త మాత్రం పెళ్లయిన కొత్తలో ఈ ధార కింద నిలబడి తడిసిందట. "మోకాళ్లు ఈ ఏడు మాట వింటాండాయి. వచ్చే ఏడు వింటాయో లేదో. నన్ను ఒక్కసారి తీసకపోండప్పా" అని రోజూ అడిగేది.

ఖాసిం మా సంచులు విప్పి చూశాడు. మనిషికి రోజుకు రెండు నీళ్ల ప్యాకెట్లు, రొట్టెలు, బండలు దిగడానికి తాడు, చిన్నత్త ఊరగాయ సీసా. తర్వాత మా జబ్బల మీద చలవసూది మచ్చలు చూశాడు. ఏటా వేసే ఆ సూదిని పోయిన వారమే మా పేటంతటికీ వేశారు. మచ్చలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"మీ పేటతో పాటే నాకూ వేసినారు" అని తన చెయ్యి చూపించాడు. "ఇంగ వినండి. ధారలో తడవండి, ఆడుకోండి, మీ ఇష్టం. నోట్లోకి మాత్రం నీళ్లు పోనీయద్దండి."

వెనక బోర్డు మీద రాసి ఉన్నదీ అదే. మా ఊళ్లో పసిపిల్లకైనా తెలిసిన సంగతే. చలవసూది వేసుకున్న ఒంటికి చెమట పట్టదు, దప్పిక తెలియదు, రెండు ప్యాకెట్లతో రోజు గడిచిపోతుంది. ఆ సూది వల్లే ఈ ఎడారిలో అంత పెద్ద ఊరు నిలబడింది. కానీ ఆ ఒంట్లోకి ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి ఉండదు. తలకెక్కి చంపుతాయి.

"దప్పికంటే ఏందో తెలీనోళ్లం. ఆ నీళ్లతో మాకేం పనుంది?" అని తిప్పేస్వామి నవ్వాడు.

ఆయన మధ్యాహ్నం దాకా చప్పరించే ప్యాకెట్ అప్పటికే ఖాళీ అయి చేతిలో నలిగి ఉంది. రాయమన్నారు కాబట్టి అదీ రాస్తున్నాను.

నమోదు 2
ఎండిన వాగులో, మధ్యాహ్నం

దారంతా వాగు ఇసుకలోనే. రెండు పక్కలా ఎర్ర బండలు. ఎండ బండల మీద పడి తిరిగి మా మొహాల మీదికి కొడుతోంది. చిన్నత్త కర్ర పోటేసుకుంటూ మాకన్నా ముందే నడుస్తోంది.

తిప్పేస్వామి రెండుసార్లు ఆగాడు. మూడోసారి ఒక బండ నీడలో కూర్చుండిపోయాడు.

"నా నాలికకు ఏదో అయింది" అన్నాడు. "బట్ట పెట్టి తుడిచినట్టు ఉండాది. మింగితే గుటక పడ్లేదు."

నాకు పక్షవాతమేమో అనిపించింది. చేతులు ఎత్తమన్నాను, ఎత్తాడు. పేరు చెప్పమన్నాను, చిరాకుపడ్డాడు. చిన్నత్త వెనక్కి వచ్చి ఆయన గడ్డం పట్టి నోరు తెరిపించి చూసింది.  పక్కనే కూలబడి తన రెండో ప్యాకెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని తాగిన తీరు నేనెప్పుడూ చూడలేదు. మేమంతా నీళ్లను మందులా తీసుకుంటాం. ఈయన రెండు చేతులా ప్యాకెట్ పట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి ఆపుకుని లాగేశాడు. అయిపోయాక ప్యాకెట్‌ను చించి లోపలి వైపు నాకాడు.

"ఇంగోటి ఉండాదా?"

"ఏమైంది చిన్నత్తా ఈయనకు?" అన్నాను.

"దప్పి" అంది ఆమె. "దప్పి పుట్టింది వానికి. సూది రాకముందు మాకు దినామూ పుట్టేది. అది మనిషి మాట వినదు పాపా."

ఆ మాట చెబుతుంటే ఆమె గొంతూ బొంగురుగానే వినిపించింది. నేను ఆమె నోటి వైపు చూశాను. పెదాల మూలల్లో తెల్లగా పొక్కులు.

వెనక్కి పోదామన్నాను. చిన్నత్త సూర్యుణ్ని చూసి తల అడ్డంగా ఊపింది. కిందికి దిగేసరికి ఎండ చంపుతుంది. పైన రెండు గుట్టల నడుమ కొండ మెడ మీద నీడ ఉంది, సిగ్నల్ ఉంది, ఖాసింతో మాట్లాడొచ్చు. ఆ మాట నిజమే. కానీ పైకి వేసే ప్రతి అడుగూ ధారకు దగ్గరవుతోంది. అదీ నిజమే.

నమోదు 3
కొండ మెడ మీద, సాయంత్రం

చేరాం. ఇక్కడి నుంచి దారి రెండు పెద్ద బండల నడుమ ఇరుకులోకి దిగుతుంది. ఒక మనిషి పక్కకు తిరిగితేనే పడతాడు. ఆ ఇరుకు దాటితే మడుగు, మడుగు మీద ధార. ఇంకా కంటికి కనపడటం లేదు గానీ చప్పుడు వినపడుతోంది. నేను ఊహించుకున్నట్టు లేదది. ఎవరో ఆగకుండా గుసగుసలాడుతున్నట్టు ఉంది.

తిప్పేస్వామి ఆ చప్పుడు వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. నేను పిలిస్తే ఆలస్యంగా తిరుగుతున్నాడు.

పలకలో ఖాసిం గొంతు దొరికింది. జరిగింది చెప్పాను. 

"సూది మందు పని చేయలేదేమోమ్మా" అన్నాడు. "వినండి, దప్పిక తిరిగొచ్చినంత మాత్రాన ఒళ్లు తిరిగొచ్చినట్టు కాదు. ఎక్కువైన నీళ్లను బయటికి పంపే బలం ఇంకా రాలేదు. వాళ్లకు తాగబుద్ధయితాది, తాగితే పోతారు. ఇరుకు దాటనీయద్దండి. రేపు పొద్దున్నే మనుషుల్ని పంపుతా."

మిగిలిన ప్యాకెట్లు నా నడుముకు కట్టుకున్నాను. ఆయన నా నడుము వైపు చూశాడు. పదమూడేళ్ల కాపురంలో ఆయన నన్ను ఎన్నో రకాలుగా చూశాడు. ఇలా ఎప్పుడూ చూడలేదు. నేను ఆయన పక్కన కాక ఎదురుగా పడుకున్నాను.

నమోదు 4
ఇరుకు దగ్గర, పొద్దెక్కింది

 అక్షరాలు సరిగా రావడం లేదు.

తెల్లారి లేచేసరికి చిన్నత్త దుప్పటి ఖాళీగా ఉంది. కర్ర అక్కడే ఉంది. తిప్పేస్వామీ నేనూ ఒకేసారి లేచి ఇరుకులోకి పరిగెత్తాం. ఆయన్ను వెనక ఉండమని చెప్పే తెలివి నాకు రాలేదు.

మడుగు ఒడ్డున, నడుము దాకా నీళ్లలో, చిన్నత్త కూర్చుని ఉంది. తలకు తగిలేంత దగ్గరలో ధార పడుతోంది. తెల్లగా, ఎత్తుగా, బండను పట్టుకుని జారుతూ. అంత నీళ్లు ఒకచోట చూడటం నాకదే మొదలు. చూడటానికే భయం వేసింది.

ఆమె మమ్మల్ని చూసి నవ్వింది. చీర ఒంటికి అతుక్కుని ఉంది. కడుపు ఉబ్బి కనిపిస్తోంది.

"రాండప్పా" అంది. "ఎంత తియ్యగుండాయో. ఇన్నేండ్లూ ఈ సూదులేసేటోళ్లు మన దగ్గర్నించి ఏం లాక్కున్నారో మీకు తెలీదు."

ఆమెను చంకల కింద చేతులేసి బయటికి లాగాను. ఎన్ని నీళ్లు తాగావంటే లెక్క పెట్టుకోలేదంది. కొంతసేపు బాగానే మాట్లాడింది. తర్వాత తల పగిలిపోతోందంది. కక్కుకుంది, వచ్చినవన్నీ నీళ్లే. ఊరగాయ ఉప్పు వేలితో నాలుక మీద రాశాను. ఉమ్మేసింది. నన్ను వాళ్ల అక్క పేరుతో పిలిచి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి చూడమంది. ఆ తర్వాత ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. నేను తల ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాను. పట్టుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. నా చేతుల్లోనే పోయింది.

తిప్పేస్వామి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆమే. అలా ఏడుస్తూనే, మొహం ఆమె వైపే ఉండగానే, ఆయన కుడిచెయ్యి పక్కకు జరిగి నీళ్లలో మునిగింది. పుడిసిలి పట్టింది. నోటి దాకా లేచింది.

నేను ఆ చేతి మీద రాయితో కొట్టాను.

నమోదు 5
ఇరుకుకు ఇవతల, ఎండ తిరిగాక

ఆయన్ను చండ్ర చెట్టు మొదలుకు కట్టేశాను.

ఎలా కట్టానో రాస్తాను, ఖాసిం అడగొచ్చు. రాతి దెబ్బకు ఆయన వేళ్లు వాచాయి. ఆ నొప్పిలో ఒక్క నిమిషం మనిషి తనలోకి వచ్చాడు. "కట్టెయ్ శాంభవీ, తొందరగా కట్టెయ్" అని తనే అన్నాడు. ఇరుకు ఇవతలికి నడిచి వచ్చి చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. తాడు ముడి పడేసరికే ఆ మనిషి మళ్లీ లేడు.

మొదట బతిమాలాడు. తర్వాత తిట్టాడు. నా పుట్టింటివాళ్లను, నాకు పుట్టని పిల్లలను, నేను ఆయనకు తప్ప ఎవరికీ చెప్పని విషయాలను పట్టుకుని తిట్టాడు. ముడి విప్పుకున్నాక నా గొంతు పిసుకుతానన్నాడు. ఆ మాట అరిచి చెప్పలేదు, చాలా నిదానంగా చెప్పాడు. అందుకే నమ్మాను.

చిన్నత్త మీద ఆమె చీరే కప్పి, మడుగుకు దూరంగా రాళ్లు పేర్చి వచ్చాను. ఒక్కదాన్నే మోశాను. ఖాసిం పంపుతానన్న మనుషులు రాలేదు.

ఊరగాయ సీసా మూత కడిగాను. దాంతో ఒక్క మూతెడు నీళ్లు, వేలికొసంత ఉప్పు. కాసేపు ఆగి మళ్లీ ఒక మూతెడు. ఇది ఎవరూ నేర్పింది కాదు. బొత్తిగా ఇవ్వకపోతే గొంతు పూడుకుపోయేలా ఉంది, ఎక్కువ ఇస్తే చిన్నత్త గతే. రెంటికీ నడుమ నాకు తోచింది ఇంతే. మూత పెదవులకు పెట్టిన ప్రతిసారీ ఆయన పళ్లతో దాన్ని కొరికి పట్టుకుంటున్నాడు. విడిపించడానికి ముక్కు మూయాల్సి వస్తోంది.

చీకటి పడుతోంది. ధార చప్పుడు పెద్దదైనట్టు అనిపిస్తోంది. చప్పుడు పెరగలేదని నాకు తెలుసు.

నమోదు 6
అదే చోట, మర్నాడు

పొద్దున ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"శాంభవీ, నేను లేవల్ల."

ఇది కొత్త ఎత్తు అనుకుని కదల్లేదు.

"నిజంగానే. ఒంటికి పోవల్ల. ఆపుకోలేను."

మా ఒళ్లకు అది రెండు రోజులకోసారి నాలుగు చుక్కలు వచ్చే పని. కాళ్ల దగ్గర తాడు వదులు చేసి, చేతుల తాడు గట్టిగా పట్టుకుని, చెట్టు పక్కకు తిప్పాను. ఆయన పోశాడు. ఆగకుండా చాలాసేపు పోశాడు, తెల్లటి నీళ్లలాగా. ఇద్దరం దాని వైపు చూస్తూ నిలబడ్డాం. ఆయన మొహంలో వెర్రి పోయి అలసట వచ్చింది. ఒళ్లు నీళ్లను బయటికి పంపడం మళ్లీ నేర్చుకుంది.

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ కన్నీళ్లు నాకుతున్నానని కాసేపటికి గాని తెలియలేదు.

నా నాలుక బట్ట పెట్టి తుడిచినట్టు ఉంది.

ఆ సంగతి చెప్పేముందు చాలాసేపు ఆలోచించాను. ఆయన చేతులు ఇంకా నా తాడులోనే ఉన్నాయి. నిన్న నా గొంతు పిసుకుతానన్న చేతులు అవి. విప్పితే అవి ఏం చేస్తాయో నాకు తెలియదు. విప్పకపోతే సాయంత్రానికి నేను ఇరుకు దాటుతాను, అది బాగా తెలుసు. ఎందుకంటే అప్పటికే ధార చప్పుడులో నన్ను పిలుస్తున్నట్టు ఉంది. చిన్నత్త అన్న మాట పదే పదే గుర్తొస్తోంది, ఎంత తియ్యగుండాయో అని. ఆమె చావు కన్నా ఆ మాటే ఎక్కువ గుర్తొస్తోంది.

విప్పాను. మూత చేతికిచ్చాను. తాడు చేతికిచ్చాను.

"నాకూ పుట్టింది" అన్నాను. "నేను ఏమన్నా వినద్దు. ముడి గట్టిగా వెయ్."

ఆయన వాచిన వేళ్లతో నా మణికట్లు పట్టుకున్నాడు.  నేను కళ్లు మూసుకున్నాను.

నమోదు 7
కొండ మెడ మీద

నడుమ ఒక పగలూ ఒక రాత్రీ నేను ఏమీ రాయలేదు. రాయడానికి చేతులు తాడులో ఉన్నాయి, పై నమోదు చివరి మాటలూ ఇప్పుడు కలిపినవే. ఏం జరిగిందని అడిగితే ఆయన, "నీకన్నా నేనే బాగా తిట్టినా" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఆయన బుగ్గ మీద నా పళ్ల గుర్తు ఉంది. నాకు గుర్తున్నదల్లా ఒకటే, ఆయన బతికి ఉండటం నాకు నచ్చలేదు. నాకూ నీళ్లకూ అడ్డం ఆయనే కాబట్టి. ఇప్పుడు ఒళ్లు నెమ్మదించింది. నా ఒళ్లూ బయటికి పంపడం నేర్చుకుంది.

మెడ మీదికి వచ్చి పలక పట్టుకున్నాం. ఖాసిం గొంతు వినపడింది. అది అతని గొంతని గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది.

"మీ పేటకు వేసిన మందే చెడిందంట" అన్నాడు. "రెండు మూడు దినాల్లోనే అందరికీ దప్పి పుట్టింది. నీళ్ల డిపో గేటు విరగ్గొట్టినారు. తాగినోళ్లు తాగినట్టే ఆడనే పడిపోయినారు. డాక్టర్లంతా ఆడనే ఉండారు, కొండకు వచ్చే దిక్కు లేదు. డిపో ఖాళీ అయింది. ఎవరో చెప్పినారు, ఎలుగుకొండ మీద ధార దూకుతాందని."

"వస్తాండారా?"

"వస్తాండారు. వందకు పైనే."

"చెక్‌పోస్టు గేటు మూసినావా ఖాసిమన్నా?"

అవతల ఊపిరి తీస్తున్న చప్పుడు మాత్రమే వచ్చింది. పొడిగా, గీరుకుంటున్నట్టు.

"నాకూ ఆ సూదే కదమ్మా వేసినారు" అన్నాడు. "గేటు తెరిచింది నేనే. వాళ్ల ముందు నడుస్తాండేదీ నేనే."

అతను పలక ఆపేసే లోపు నేను గబగబా చెప్పాను. మూతెడు నీళ్లు, వేలికొసంత ఉప్పు, ఆగి ఆగి. ఒక పగలూ రాత్రీ చాలు, ఒంటికి పోస్తే గండం గడిచినట్టే. డాక్టర్లకు చెప్పమన్నాను. విన్నాడో లేదో తెలియదు. ఈ నమోదు సిగ్నల్ ఉన్నచోటే రాస్తున్నాను, కింద ఎవరైనా చదివితే దయచేసి డిపో దగ్గరికి చేరవేయండి.

తూర్పు వైపు నుంచి ఇంకో దారి ఉంది. గొర్రెలవాళ్లది. దాంట్లో దిగితే ఎవరికీ ఎదురుపడం.

"పోదాం పా" అన్నాడు తిప్పేస్వామి. "వందమందిని ఇద్దరం ఏం ఆపుతాం? తొక్కి పోతారు. నేనెట్ల ఉన్నానో నువ్వు చూసినావు కదా. అట్లాంటోళ్లు వందమంది శాంభవీ."

నేనూ అదే అనుకుంటున్నాను. నా కాళ్లు తూర్పు వైపే తిరిగి ఉన్నాయి. అంత భయంగా ఉంది. అయినా అడిగాను.

"నన్ను కట్టేటప్పుడు నీకు భయం కాలేదా?"

"అయింది. నువ్వు కొరికినప్పుడు విప్పేసి పారిపోదామనుకున్నా."

"మరి?"

ఆయన కింద వాగు వైపు చూశాడు. ఎర్ర దుమ్ము లేచి ఉంది. కాసేపటికి సంచి భుజాన వేసుకుని ఇరుకు వైపు దిగడం మొదలుపెట్టాడు. నేను వెనకే దిగాను.

నమోదు 8
ఇరుకులో

మొదట వచ్చినవాడు మా అద్దాల షెడ్డు మేస్త్రీ కుళ్లాయప్ప. అంత లావు మనిషి. నోటి చుట్టూ నురగ ఎండిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. తిప్పేస్వామి అడ్డం నిలబడితే భుజంతో గుద్దాడు, ఇద్దరం బండకు కొట్టుకున్నాం. మమ్మల్ని దాటి పోయి మడుగులో బోర్లా పడుకుని తాగాడు.

అతని వెనక ఇరుకు నిండా మనుషులు. ఒకరి మీద ఒకరు. అరవడానికి గొంతులు లేక గొరగొరమంటున్నారు. వాళ్లను మేం ఆపలేదు. ఇరుకే ఆపింది. ఇద్దరు ఒకేసారి దూరబోయి ఇరుక్కుపోయారు.

కుళ్లాయప్ప లేచి నవ్వాడు. కాసేపటికి తల పట్టుకున్నాడు. తర్వాత కింద పడి కొట్టుకోవడం మొదలైంది.

నేను చేసిన పని రాస్తాను. అతని దగ్గరికి పోయి ఉప్పు పెట్టాల్సింది. నేను ఇరుకు వైపు తిరిగి, "చూడండి" అని అరిచాను. "చూడండి! తాగినోడు ఎట్ల పోతాడో చూడండి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తిప్పేస్వామి పరిగెత్తి పోయి ఉప్పు నోట్లో కుక్కాడు. లాభం లేకపోయింది.

ముందు వరసలో ఉన్నవాళ్లు అది చూశారు. ముందువాళ్లు కదలకపోయేసరికి వెనకవాళ్లూ నిలిచిపోయారు. భయం దప్పిక కన్నా పెద్దదేమీ కాదు. కానీ ఒక నిమిషం ఆగేంత పెద్దది. ఆ నిమిషంలో మూత నింపి మొదటి మనిషి నోటికి పెట్టాను. ఆ మనిషి ఖాసిం, ఇరుకు మొదట్లో కుళ్లాయప్ప తోసేసి దాటి వచ్చింది అతణ్నే. మూత కొరికాడు. ముక్కు మూసి విడిపించాను. తన నడుము తాడు తనే విప్పి నాకిచ్చాడు, చేతులు ముందుకు చాచాడు.

అతణ్ని చూసి ఒకామె తన పైటతో తన కొడుకు చేతులు కట్టింది. అన్నదమ్ములు ఒకరినొకరు కట్టుకున్నారు. కొందరు కట్టుకోలేదు, మా మీదికి వచ్చారు. నా పెదవి చీలింది. బండ మీది నుంచి జారి మడుగులోకి దూకినవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది లేవలేదు. వాళ్లను చిన్నత్త పక్కనే వరసగా పడుకోబెట్టాం. రాళ్లు చాలలేదు.

మూత ఒకటే. తర్వాత తిప్పేస్వామి ఆకులు మడిచి దొప్పలు కుట్టాడు. ఉప్పు అయిపోయాక ఊరగాయ నూనెలోకి వేళ్లు ముంచి నాలుకల మీద రాశాం. చీకటి పడింది, తెల్లారింది. ఎవరు ఏడుస్తున్నారో ఎవరు తిడుతున్నారో తెలియలేదు, నోళ్లు మాత్రం కనిపించాయి.

నమోదు 9
ఇరుకులో, సాయంత్రం

గండం గడిచినవాళ్లు నలభై మందికి పైగా ఉన్నారు. బండల నీడలో ఒకరి మీద ఒకరు ఒరిగి పడుకుని ఉన్నారు. ఖాసిం లేచి కూర్చున్నాడు. నా మొహం వైపు చూడలేకపోతున్నాడు.  కుళ్లాయప్ప భార్య కూడా ఈ గుంపులోనే ఉందట. ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాలి.

మధ్యాహ్నం పలకతో మెడ మీదికి పోతే డిపో దగ్గరి నుంచి కబురొచ్చింది. మూతెడు నీళ్లూ ఉప్పూ అక్కడా పట్టిస్తున్నారట, కొందరు నిలబడ్డారట. ఎంతమంది అని నేను అడగలేదు. ఆ కబురుతో పాటే ఇంకోటి వచ్చింది. ఆ మందు ఉత్తరపు పేటలో కూడా వేశారు. పడమటి పేట తర్వాత నాలుగు రోజులకు, అంటే వాళ్లకూ ఇప్పుడు దప్పిక పుట్టే వేళ.

నేను ధార వైపు చూశాను. మొదట చూసిన తెల్లటి మందం లేదు. బండ మీద అక్కడక్కడా నల్లగా ఎండిన చారలు కనిపిస్తున్నాయి. మడుగు ఒడ్డు ఒక అడుగు లోపలికి జరిగింది. ఇది ఇంకెన్ని రోజులు దూకుతుందో ఎవరూ చెప్పలేరు.

తిప్పేస్వామి మెడ మీది నుంచి పరిగెత్తుకుంటూ దిగి వచ్చాడు.   ఇద్దరికీ కింద వాగులో కాళ్ల చప్పుడు వినపడుతోంది. మొదటి గుంపుకు ఇంత చప్పుడు లేదు.

 దొప్పలు తీసుకుని లేచి ఇరుకులోకి నడిచాను. మళ్లీ ఇద్దరమే కదా అనుకుంటూ బండకు వీపు ఆనించి నిలబడ్డాను.

వెనక గులకరాళ్లు కదిలిన చప్పుడైంది. తిరిగి చూశాను. ఖాసిం లేచి నిలబడి ఉన్నాడు. అతని పక్కన కొడుకు చేతులు కట్టిన తల్లి. ఆ వెనక అన్నదమ్ములిద్దరూ ఒకరి తాడు ఒకరు విప్పుకుంటున్నారు. నీడలో పడుకున్నవాళ్లంతా ఒక్కొక్కరే లేచి, తూలుతూ, ఇరుకు వైపు నడిచి వస్తున్నారు.

"జరుగమ్మా" అన్నాడు ఖాసిం, నా పక్కన చోటు చేసుకుంటూ. "ముందు నేను నిలబడతా."